ఇది రాకముందు ఆ పని ఎవరు చేసేవారు?

మ్యూజియంకి వెళ్లొచ్చిన పిల్లల్ని "ఏం చూశావురా?" అని అడిగి చూడండి. "చాలా చూశాను" అంటారు. "ఏమేం చూశావు?" అంటే, "కత్తులు, గడియారాలు, పాత కార్లు" అంటారు. ఆ తర్వాత మాట రాదు. పిల్లల్ని అనడమెందుకు, మనమూ అంతే. పొద్దున్నే టిక్కెట్టు తీసుకుని లోపలికి వెళ్తాం. గది తర్వాత గది తిరుగుతాం. కాళ్లు పీకుతాయి. బయటికొచ్చి చెట్టు కింద కూర్చుని పులిహోర పొట్లం విప్పేసరికి, చూసినవాటిలో సగం మర్చిపోయుంటాం.

అందుకని ఇవాళ మీకు ఒక ప్రశ్న చెబుతాను. ఒక్కటే ప్రశ్న. పాత యంత్రం ఏది కనబడినా దాని ముందు కాసేపు ఆగండి. ఆగి, ఇలా అడగండి. ఇది రాకముందు ఆ పని ఎవరు చేసేవారు?

మళ్లీ చెబుతున్నాను. ఇది రాకముందు ఆ పని ఎవరు చేసేవారు?

పాత కార్ల దగ్గర ఈ ప్రశ్న బాగా పనిచేస్తుంది. ఎందుకంటే, ఇవాళ కారులో మనం చూసే భాగాల్లో సగం ఆ తొలి కార్లలో లేవు. ఆ భాగం లేని చోట ఎవరో ఒకరు వంగోవాలి, తొయ్యాలి, తుడవాలి, గోకాలి. ఎవరు, ఏం చేశారో చూద్దాం రండి.

ముందు జర్మనీ వెళ్దాం. మ్యూనిక్ నగరంలో డాయిచస్ మ్యూజియం అని ఉంది. సైన్సుకి, యంత్రాలకి పెట్టిన పెద్ద మ్యూజియం. కార్ల్ బెంజ్ తయారుచేసిన మొదటి కారు ఆ మ్యూజియానిదే. 1886 జనవరి 29న ఆయన దానికి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. 1906లో ఆ బండి మ్యూజియానికి చేరింది.

చూడ్డానికి అది కారులా ఉండదండీ. మూడే చక్రాలు. సన్నని ఊచల చక్రాలు, సైకిలు చక్రాల్లాగే. ముందు చక్రం తిప్పడానికి ఒక చిన్న పిడి. పైన కప్పు లేదు. ముందు అద్దం లేదు. వెనకాల ఒక ఇంజను, దాని అడుగున పడుకోబెట్టినట్టు ఒక పెద్ద చక్రం.

దాని బలం ఎంతో తెలుసా? ఒక హార్స్‌పవర్‌లో ముప్పావు వంతు. ఈ లెక్క అర్థం కావాలంటే వంటింట్లోకి వెళ్లండి. మీ మిక్సీ అడుగున ఐదు వందల వాట్లనో, ఏడు వందల యాభై వాట్లనో రాసి ఉంటుంది. బెంజ్ గారి బండి బలం సుమారు ఐదు వందల యాభై వాట్లు. అంటే మనం కొబ్బరి చట్నీ రుబ్బుకునే బలంతో ఆయన రోడ్డు మీదికి వచ్చాడు. వేగం గంటకి పదహారు కిలోమీటర్లు. సైకిలు బాగా తొక్కేవాడు దాటేసి వెళ్లిపోతాడు.

సరే, మన ప్రశ్న అడుగుదాం. ఈ బండికి స్టార్టు చేసే మీట లేదు. మరి ఇంజను ఎవరు తిప్పేవారు? మనిషే. ఆ పడుకున్న పెద్ద చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని గిర్రున తిప్పాలి. ఇసుర్రాయి తిప్పినట్టు. ఇంజను అందుకుంటే అదృష్టం. లేకపోతే మళ్లీ తిప్పాలి.

ఇంజను వేడెక్కితే? చల్లబరచడానికి నీళ్లు పోసేవారు. ఆ నీళ్లు మరిగి ఆవిరైపోయేవి. మళ్లీ నింపాలి. మరి దారిలో ఆ నీళ్లు ఎవరు తెచ్చేవారు? ఈ ప్రశ్నకి జవాబు చెప్పగల ప్రయాణం ఒకటి ఉంది.

కార్ల్ బెంజ్ భార్య పేరు బెర్తా. పెళ్లికి ముందే తన కట్నం డబ్బు ఆయన వ్యాపారంలో పెట్టిన మనిషి. బండి తయారైంది కానీ జనానికి నమ్మకం కుదరలేదు. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున, భర్తకి చెప్పకుండా, బెర్తా బండి బయటికి తీసింది. మ్యూజియంలో ఉన్న ఆ మొదటి బండి కాదు, దాని తర్వాతి రకం. కాస్త బలం ఎక్కువ. పక్కన ఇద్దరు కొడుకులు. ఒకడికి పదిహేనేళ్లు, ఒకడికి పదమూడు. మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి ప్రయాణం. నూరు కిలోమీటర్ల పైమాటే. మన లెక్కలో చెప్పాలంటే, హైదరాబాదు నుంచి నల్లగొండ వెళ్లినంత దూరం.

దారిలో ఏమైందో వినండి. వింటూ మన ప్రశ్న గుర్తుపెట్టుకోండి.

ఇంధనం అయిపోయింది. పెట్రోలు బంకు లేదు. అసలు బంకు అనే మాటే పుట్టలేదు. మరి ఆ పని ఎవరు చేశారు? మందుల షాపాయన. వీస్‌లోహ్ అనే ఊళ్లో మందుల షాపు ముందు బండి ఆపి, లిగ్రోయిన్ అనే ద్రవం కొన్నది. అది బట్టల మీద మరకలు తియ్యడానికి అమ్మేవారు. బండి దానితోనే నడిచేది. ఇవాళ ఆ షాపుని ప్రపంచంలో మొదటి పెట్రోలు బంకు అని చెప్పుకుంటారు.

ఇంధనం వచ్చే గొట్టంలో చెత్త అడ్డం పడింది. మన అమ్మలు గాజులకి పిన్నీసులు తగిలించుకునేవారు, గుర్తుందా? కాలికి ముల్లు దిగినా, సంచి పట్టీ తెగినా ఆ పిన్నీసే దిక్కు. బెర్తా దగ్గర టోపీకి గుచ్చుకునే పొడవాటి పిన్ను ఉంది. దానితోనే గొట్టం శుభ్రం చేసింది. నిప్పురవ్వ పుట్టించే తీగ ఒకచోట ఒరుసుకుని బయటపడింది. మేజోళ్లు జారకుండా కట్టుకునే పట్టీ తీసి ఆ తీగకి చుట్టింది.

గొలుసు పాడైంది. కమ్మరి బాగుచేశాడు. బ్రేకుల చెక్కలు అరిగిపోయాయి. చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఆగి, వాటికి తోలు ముక్కలు కొట్టించింది. ఎత్తు వచ్చింది. బండి ఎక్కలేదు. పిల్లలు దిగి తోశారు. నీళ్లు ఆవిరైపోయినప్పుడల్లా దారిలో ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకున్నారు. సాయంత్రానికి పుట్టింటికి చేరి, భర్తకి తంతి కొట్టించింది.

ఇప్పుడు లెక్క చూడండి. ఇవాళ కారులో ఫిల్టరు ఉంది. అప్పుడు ఆ పని చేసింది టోపీ పిన్ను. ఇవాళ బ్రేకులకి లైనింగ్ ఉంది. అప్పుడు చెప్పులాయన కొట్టిన తోలు ముక్క. ఇవాళ ఎత్తు ఎక్కడానికి తక్కువ గేరు వేస్తాం. అప్పుడు గేరు అంటే ఇద్దరు మగపిల్లలు! ఆ ప్రయాణం తర్వాతే బెంజ్ తన బండికి ఎత్తులెక్కే గేరు చేర్చాడు. ఇకమీదట మీరు ఘాట్ రోడ్డులో ఫస్టు గేరు వేసినప్పుడు, వెనకాల నుంచి తోస్తున్న ఆ ఇద్దరినీ ఒకసారి తలుచుకోండి.

ఇప్పుడు ఇంకో వస్తువు దగ్గరికి వద్దాం. పాత కార్లున్న మ్యూజియం ఏదైనా సరే, బండి ముందు భాగంలో కింద ఒక వంకర ఇనుప కడ్డీ వేలాడుతుంటుంది. అదే హ్యాండిల్. పల్లెటూళ్లో పెరిగినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పొలంలో ఆయిల్ ఇంజను తిప్పింది దీనితోనే. పాత లారీని తెల్లవారుజామున క్లీనరు లేపిందీ దీనితోనే.

కారు ముందు వంగోవాలి. హ్యాండిల్ లోపలికి గుచ్చాలి. బలం కొద్దీ పైకి లాగాలి. ఇంజను అందుకుంటే సరే. ఒక్కోసారి ఇంజను వెనక్కి తంతుంది. హ్యాండిల్ ఎదురు తిరిగి కొడుతుంది. మణికట్టు విరుగుతుంది. ఇది ఎంత మామూలైపోయిందంటే, మణికట్టు దగ్గర ఒక రకం ఎముక విరుపుని డాక్టర్లు ఇవాళ్టికీ షోఫర్ ఫ్రాక్చర్ అంటారు. షోఫర్ అంటే డ్రైవరు. కారుకి హ్యాండిల్ పోయింది. డాక్టర్ల పుస్తకంలో పేరు మిగిలింది.

మరి ఆ హ్యాండిల్ పని మోటారు చేతికి ఎలా వచ్చింది? ఇది వినదగ్గ కథ. చార్లెస్ కెట్టరింగ్ అని అమెరికాలో ఒక ఇంజనీరు. ఆయన అంతకుముందు దుకాణాల్లో డబ్బు లెక్కపెట్టే క్యాష్ రిజిస్టర్ల కంపెనీలో పనిచేశాడు. ఆ పెట్టెకి చిన్న కరెంటు మోటారు అమర్చాడు. డ్రాయరు తెరవడానికి క్షణం పని. ఆ క్షణం గట్టిగా తిరిగితే చాలు. తర్వాత విశ్రాంతే.

కారు ఇంజనుని తిప్పాలంటే చాలా పెద్ద మోటారు కావాలి, అంత బరువు కారు మొయ్యలేదు అని అప్పట్లో అనుకునేవారు. కెట్టరింగ్ వేరే దారిలో ఆలోచించాడు. రైల్వే స్టేషన్లో హమాలీని చూడండి. క్వింటాలు బస్తాని ఒక్క ఊపున వీపు మీదికి ఎత్తుకుంటాడు. ఆ బస్తాతో పొద్దంతా నడవమంటే నడవగలడా? నడవలేడు. నడవక్కర్లేదు కూడా. ఎత్తే ఆ ఒక్క క్షణం బలం చాలు. స్టార్టరు మోటారు చేసే పని కూడా అదే. రెండు మూడు క్షణాలు ప్రాణం పెట్టి తిరుగుతుంది. ఇంజను అందుకోగానే పక్కకి తప్పుకుంటుంది. 1912 మోడల్ క్యాడిలాక్ కారులో ఈ సెల్ఫ్ స్టార్టరు వచ్చింది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ నింపే ఏర్పాటు, దీపాలకి కరెంటు కూడా దానితోనే వచ్చాయి.

దీనివల్ల ఎవరికి మేలు జరిగింది? హ్యాండిల్ తిప్పే బలం లేనివాళ్లకి. పెద్దవాళ్లకి, ఎంతోమంది ఆడవాళ్లకి. మీట నొక్కి బయల్దేరొచ్చు. కానీ ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఒక పని యంత్రానికి వెళ్లినప్పుడు, ఆ పని చేసే మనిషి ఒక్కోసారి కూలి కూడా పోగొట్టుకుంటాడు. మన ప్రశ్నకి జవాబు ఎప్పుడూ సంతోషంగానే ఉండాలని లేదు.

మూడో వస్తువు, దీపం. పాత కారు ముందు పెద్ద పెద్ద ఇత్తడి దీపాలుంటాయి. తళతళా మెరుస్తుంటాయి. ఫొటోలు దిగేది వాటి దగ్గరే. వాటిలో చాలావాటికి కరెంటు లేదు. అవి కార్బైడ్ దీపాలు.

కార్బైడ్ అనగానే మామిడికాయలు గుర్తొచ్చాయి కదూ? అదే రాయి. కాయలు మగ్గపెట్టడానికి ఇప్పుడు దాన్ని నిషేధించారు, వాడకూడదు. ఆ రాయి మీద నీటిచుక్క పడితే ఒక గ్యాసు వస్తుంది. దాని పేరు ఎసిటిలీన్. వెలిగిస్తే తెల్లగా, మిరుమిట్లు గొలిపేలా మండుతుంది. పై అరలో నీళ్లు, కింది అరలో కార్బైడ్. చిన్న మర తిప్పితే నీళ్లు చుక్కచుక్కగా కిందికి దిగుతాయి. సెలైన్ బాటిల్ చక్రం తిప్పి చుక్కలు సరిచేస్తారు చూడండి, అలా. చుక్కలు తగ్గితే దీపం నీరసిస్తుంది. ఎక్కువైతే మంట లేస్తుంది.

అడుగుదామా? ఇవాళ ఒక మీట నొక్కితే వెలిగే దీపాన్ని అప్పుడు ఎవరు వెలిగించేవారు? చీకటి పడగానే బండి ఆపి, ఎవరో ఒకరు దిగి, గాలికి చెయ్యి అడ్డం పెట్టి, అగ్గిపుల్ల గీసేవారు. ఇంటికి చేరాక దీపం విప్పి, అడుగున మిగిలిన సున్నపు బురద గోకి పారేసేవారు. రోజూ. ఇల్లాళ్లు లాంతరు చిమ్నీకి పట్టిన మసి రోజూ తుడిచినట్టు.

ఫోర్డ్ కంపెనీ మోడల్ టీ కారుకి 1915లో కరెంటు హెడ్‌లైట్లు వచ్చాయి. కానీ వాటికి కరెంటు ఇంజను తిరిగే కొద్దీ పుట్టేది. బండి నెమ్మదిస్తే దీపం మసకబారేది. సైకిలు డైనమో వాడినవాళ్లకి ఈ బాధ తెలుసు. ఎదురుగాలిలో తొక్కలేక నెమ్మదిస్తాం. సరిగ్గా గుంత వచ్చే చోటే దీపం గుడ్డిదవుతుంది!

అదే మోడల్ టీలో ఇంకో ముచ్చట. పెట్రోలు ఎంత ఉందో చూపించే ముల్లు ఉండేది కాదు. ట్యాంకు ముందు సీటు కింద ఉండేది. సీట్లో కూర్చున్నవాళ్లని లేపి, మెత్త ఎత్తి, మూత తీసి, కొలత గీతలున్న కర్ర ముంచి చూసేవారు. కిరసనాయిలు డ్రమ్ములో పుల్ల ముంచి చూసినట్టు. స్కూటరుని అటూ ఇటూ ఊపి, ట్యాంకు దగ్గర చెవి పెట్టి వినే కాలం మనకీ ఉండేది. ఆ ముల్లు పని అప్పుడు మన చెవి చేసింది.

నాలుగోది, చిన్నదే. అద్దం తుడిచే వైపరు. దీని ముందు నిలబడి మన ప్రశ్న అడిగితే, జవాబు కొంచెం వేరుగా వస్తుంది. ఇది రాకముందు ఆ పని ఎవరు చేసేవారు? సరిగ్గా ఎవరూ చేసేవారు కాదు. అందరూ భరించేవారు. మేరీ ఆండర్సన్ అని అమెరికాలో అలబామా రాష్ట్రం ఆవిడ. చలికాలంలో న్యూయార్కు వెళ్లింది. ట్రామ్ ఎక్కింది. మంచు పడుతోంది. అద్దంలోంచి దారి కనబడక డ్రైవరు కిటికీ తెరిచి, చలికి వణుకుతూ నడుపుతున్నాడు. బండిలో అందరూ ఆ చలి భరిస్తున్నారు. ఆవిడ మాత్రం, ఇలా ఎందుకుండాలి అనుకుంది. లోపల నుంచి పిడి లాగితే బయట అద్దం తుడిచే పరికరం తయారుచేసి, 1903లో పేటెంటు తీసుకుంది. అప్పుడు కొనేవాళ్లు దొరకలేదు. పేటెంటు గడువు తీరిపోయాకగానీ వైపర్లు అన్ని కార్లకీ మామూలు కాలేదు. గమనించారా? ఆవిడ డ్రైవరూ కాదు, ఇంజనీరూ కాదు. టిక్కెట్టు కొనుక్కున్న ప్రయాణికురాలు. ఎవరి చెయ్యి ఏ కష్టం పడుతోందో చూసింది. మన ప్రశ్న ఆ చూపు కోసమే.

ఇప్పుడు మన హైదరాబాదు వద్దాం. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేయించమన్న కారు. ఆయన 1911లో కన్నుమూశారు. కారు ఆయన కొడుకు కాలంలో వచ్చింది. వెనకాల సింహాసనంలా ఎత్తయిన సీటు ఉంటుంది. ఆ వైభవం చూస్తూ అందరూ వెనకభాగం దగ్గరే ఆగిపోతారు. మీరు ఒకసారి ముందువైపుకి రండి. రోల్స్ రాయిస్‌లో ఈ సిల్వర్ ఘోస్ట్ రకం కార్లకి కరెంటు స్టార్టరు వచ్చింది 1919లో. అంటే, ఈ కారు వచ్చిన రోజుల్లో, వెనక ఎంతటివారు కూర్చున్నా సరే, ముందు ఒక మనిషి వంగి హ్యాండిల్ తిప్పితేనే బండి కదిలేది. ఆ మనిషి పేరు ఏ చీటీ మీదా ఉండదు.

అక్కడి నుంచి కాస్త దూరంలోనే సాలార్‌జంగ్ మ్యూజియం. గంట కొట్టే గడియారం ముందు జనం గుమిగూడతారు. మధ్యాహ్నం పన్నెండు అవుతుంటే ఇసకేస్తే రాలదు. గంట కాగానే లోపల నుంచి ఒక చిన్న బొమ్మ బయటికొచ్చి, లెక్కగా గంట కొట్టి, లోపలికి వెళ్లిపోతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు ఆగాక, పక్కనున్న పిల్లాడిని అడగండి. ఇది రాకముందు ఆ పని ఎవరు చేసేవారు? కచేరీ దగ్గర గంట కొట్టే మనిషి ఉండేవాడని చెప్పండి. ఇక్కడ తమాషా ఏమిటంటే, యంత్రం ఏ మనిషి పని తీసుకుందో ఆ మనిషి బొమ్మని తనలోనే పెట్టుకుంది.

కాబట్టి శ్రోతలారా, ఈసారి మ్యూజియంకి వెళ్తే అన్నీ చూడాలని పరుగెత్తకండి. ఒక్క వస్తువు ఎంచుకోండి. పిల్లల్ని దాని ముందు నిలబెట్టండి. ప్రశ్న వెయ్యండి. వాళ్లనే జవాబు చెప్పనివ్వండి. తప్పు చెప్పినా ఫర్వాలేదు. చేత్తో అభినయించి చూపించమనండి. హ్యాండిల్ తిప్పినట్టు, అగ్గిపుల్ల గీసినట్టు. చేత్తో చేసిన పని ఒక పట్టాన మర్చిపోరు.

మ్యూజియం దూరమా? ఇంట్లోనే మొదలుపెట్టండి. గ్రైండరు రాకముందు పప్పు ఎవరు రుబ్బేవారు? ఎంతసేపు? ఎన్ని గంటలకి లేచి? ఈ జవాబులు చెప్పగలిగినవాళ్లు ఇంకా మన ఇళ్లల్లో ఉన్నారు. అడిగి, నాలుగు ముక్కలు కాగితం మీద రాసి పెట్టండి.

చివరగా మా ఇంటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మా ఊళ్లో కొట్టంలో ఒక మేకుకి ఆయిల్ ఇంజను హ్యాండిల్ వేలాడుతుంటుంది. ఇంజను ఎప్పుడో పాత ఇనుముకి వెళ్లిపోయింది. హ్యాండిల్ మిగిలింది. మొన్న మా మనవడు దాన్ని తీసి, పిడికిలి బిగించి పట్టుకున్నాడు. నేను వాడి బొటనవేలు తీసి, మిగతా నాలుగు వేళ్ల వైపే పెట్టాను. "ఎందుకు తాతా?" అన్నాడు. "ఎదురు కొడితే పిడి జారిపోవాలి. బొటనవేలు చుట్టి పట్టుకుంటే విరుగుతుందిరా" అన్నాను. అది నాకు మా నాన్నగారు చెప్పిన మాట.

ఆ ఇనుప కడ్డీని ఎన్నేళ్లయినా దాచుకోవచ్చు. బొటనవేలు ఎక్కడ పెట్టాలో మాత్రం అది చెప్పదు. తెలిసినవాళ్లని అడగాలి. వాళ్లు ఉండగానే అడగాలి.

ఇది రాకముందు ఆ పని ఎవరు చేసేవారు? ఈ రాత్రి భోజనాల దగ్గర అడిగి చూడండి.